మైకు మాకెందుకు

చీటీ పాడితే వచ్చిన ఇరవై రెండు వేలు
టిఫిన్ సంచి అడుగున పెట్టుకుని
కోఠి నుంచి జగదీశ్ మార్కెట్‌కి నడిచాం,
నేనూ నా కూతురు ఈశాన్యా,
అరచేతిలో ఇమిడే హెచ్‌డీ క్యామ్‌కార్డర్ కోసం.

షాపతను మాట్లాడిందంతా దానితోనే.
నేను చెవిటిదాన్నని తెలియగానే
ముఖాలు టేబుల్ ఫ్యాన్‌లా పక్కకి తిరుగుతాయి,
ఎవరో మీట నొక్కినట్టు.

జూమ్ మూడు వందల రెట్లట.
మాది రెండు గదుల ఇల్లు,
అంత దగ్గరికి లాగడానికి
అంత దూరం ఎక్కడ తేను?
మైకు చూడమన్నాడట,
అన్ని వైపుల ధ్వనీ పట్టేస్తుందట.
మైకు మాకెందుకు, అన్నాను చేతుల్తో.
ఈశాన్య దాన్ని కాస్త మర్యాదగా మార్చి చెప్పి ఉంటుంది.

నాక్కావలసింది
నాలుగడుగుల దూరం నుంచే
రెండు మోచేతులూ తెగిపోకుండా పట్టే వెడల్పు అద్దం.
వేగంగా తిరిగే వేళ్లు అలుక్కుపోకూడదు.
చెయ్యి ముందుకెళ్తే రేపు, వెనక్కొస్తే నిన్న.
ఆ కాస్తా చెరిగిందంటే
పెళ్లి అయిందో అవబోతోందో తెలియదు.

కౌంటర్ మీది నాలుగింటి ముందూ నిలబడి
మా ఆయన మీద ఒకే ఫిర్యాదు నాలుగుసార్లు చేశాను.
మూడింటిలో నా వేళ్లు పొగ.
నాలుగో దాంట్లో
తడి తువ్వాలు మంచం మీద పడేసిన సంగతి
పూస గుచ్చినట్టు కనిపించింది.
ఈశాన్య నవ్వాపుకోలేక కౌంటర్ పట్టుకుంది.
షాపతను అప్పుడు చూశాడు నా వైపు.

వెండి రంగుది. పావుకిలో కందిపప్పు బరువు.

ఆదివారం మలక్‌పేటకి పరిమళ టీచరొచ్చింది.
డెబ్బై ఆరేళ్లు. మా ఆయన జ్ఞానేశ్వర్‌కి
అచ్చులు కూర్చడం నేర్పిన మనిషి.
ఆమె చేతుల్లో పాత హాస్టల్ మాటలున్నాయి,
వార్డెన్‌కొకటి, మాడిన అన్నానికొకటి,
మూసీకి మరొకటి, మణికట్టు మీద రెండు వేళ్లు జారుస్తూ.
ఇప్పటి పిల్లలెవరికీ రావు.

కిటికీ ముందు కూర్చోబెడితే ముఖం నల్లబడింది.
కుర్చీ తిప్పాం.
ట్యూబులైటు కింద గది గదంతా వణికింది.
షట్టర్‌ని వందకి మార్చాక నిలబడింది.

ఇక మొదలంది టీచర్. మొదలెట్టాను.
వస్తోందా, అనడిగింది.
నా రెండు చేతుల్లో కెమెరా!
నోరు కట్టేసిన మనిషినయ్యాను.
కుడిచేతికి పట్టీ బిగించి
ఎడమచేత్తో సగం మాట చెబితే
తెర మీద భూకంపం.
చివరికి బియ్యం డబ్బా మీద
ఇడ్లీ రేకులు బోర్లించి దాన్ని కూర్చోబెట్టి
నేను పక్కన నిలబడ్డాను.
వార్డెన్ పంచె ఊడిన కథ రాగానే
గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

రాత్రి టీవీకి వైరు తగిలించాం.
టీచర్ మెటికల మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు.
మా ఆయన రెండుసార్లు కళ్లు తుడుచుకుని
దుమ్మన్నాడు.
ఈశాన్య మాత్రం
రిమోట్ మీద వేలుంచి కదలకుండా కూర్చుంది.

అమ్మా, నువ్వున్నావిందులో.

ఎక్కడ? తెరంతా టీచరే.
లేచొచ్చి నా గొంతు మీద వేళ్లానించింది.
నవ్వుతున్నావు, అంది. కథ పొడుగునా.

ఎలా ఉంది?

చెయ్యి ఎత్తింది. దించింది.
మాకున్న మాటల్లో దానికి మాట లేదు.
వంటింట్లోకి లాక్కెళ్లింది.
స్టీలు గిన్నె అడుక్కి నా అరచెయ్యి ఆనించి
గుప్పెడు శనగలు పోసింది పైనుంచి,
ముందు నాలుగు, తర్వాత అన్నీ ఒక్కసారిగా.

ఇంకోసారి పొయ్యమన్నాను.